మడి తురుముపీట

గిన్నె కడిగింది. చెంచా కడిగింది. పిల్ల మెడకి కట్టే గుడ్డను సలసలా కాగే నీళ్ళలో ముంచి తీసింది. అయినా ఆపిల్ తురుము దగ్గరికి ముక్కు తీసుకెళ్ళేసరికి కుందకి మళ్ళీ అదే వాసన తగిలింది. పులిసిపోయిన పెరుగుకీ, వానలో నానిన గోనెసంచికీ మధ్యలో ఎక్కడో ఉండే వాసన. పట్టుకుందామని గట్టిగా పీలిస్తే ఉండదు. పోనీలే అని తల తిప్పుకుంటే వచ్చి ముక్కుపుటాల్లో కూచుంటుంది.

"పిల్లకి పెడతావా, వాసన చూస్తూ కూచుంటావా?" అన్నారు అత్తగారు వత్సలాబాయి, దేవుడి గది గడపలో నిలబడి. ఆవిడ చేతిలో తురుముపీట ఉంది. టేకు చట్రానికి ఇత్తడి రేకును చిన్న చిన్న మేకులతో బిగించిన పాతకాలపుది. "కాశ్మీరు ఆపిలు. మడి కట్టుకుని నా చేత్తో తురిమాను. దానిమీద కూడా అనుమానమేనా?"

"అది కాదు ఆయీ, కొంచెం ఏదో వాసన..."

"వాసన నీ ముక్కులోనే ఉంది. పుట్టినప్పటినుంచీ చేపల మధ్య పెరిగిన ముక్కు. ఎక్కడికి పోతుంది?"

కుంద ఓవిని ఒళ్ళో సర్దుకుని చెంచా నోటి దగ్గర పెట్టింది. పదో నెల పిల్ల. కింద రెండు పళ్ళు బియ్యపు గింజల్లా మెరుస్తున్నాయి. మొదటి చెంచాకి మొహం ముడుచుకుంది. రెండో చెంచా నాలికతో బయటికి తోసింది. గడపలో అత్తగారు అలాగే నిలబడి ఉన్నారు కాబట్టి కుంద గడ్డం మీద కారిన దాన్ని కూడా వేలితో తీసి మళ్ళీ నోట్లో పెట్టింది.

మధ్యాహ్నానికల్లా పిల్లకి మళ్ళీ విరేచనాలు మొదలయ్యాయి. ఆకుపచ్చగా, నురగ నురగగా. బావి దగ్గర రాతి మీద గుడ్డలు ఉతుకుతూ కుంద తన గోళ్ళు చూసుకుంది. అప్పటికే కింది కండ కనబడేదాకా కత్తిరించుకుంది. అటూ ఇటూ చూసి, కొంచెం పాలు అరచేతిలోకి పిండుకుని వాసన చూసింది, నాలిక చివర తాకించి చూసింది. తియ్యగానే ఉన్నాయి. పిల్ల తాగే నీళ్ళు తను కాచినవే. మరి ఇంకేమిటి? వెతకడానికి ఇంట్లో చోటు మిగల్లేదనిపించింది.

ఆ ఇంట్లో తురుముపీటలు రెండు. ఉల్లిపాయకీ, అల్లం వెల్లుల్లికీ, కొబ్బరికీ వాడే స్టీలుది వంటింటి గూట్లో ఉంటుంది. కుంద ఎంతైనా ముట్టుకోవచ్చు. ఇత్తడిది మాత్రం దేవుడి గదిలో అటక మీద, పట్టుగుడ్డ కింద ఉంటుంది. ఉపవాసాల రోజు ఆలుగడ్డకి, నైవేద్యంలోకి బెల్లానికి, కొబ్బరికి, ఇప్పుడు కొత్తగా మనవరాలి పళ్ళకి. ఉల్లిపాయ ముట్టిన పీట మీద తురిమింది తింటే పిల్లకి బుద్ధి మందగిస్తుందట. చేపలు తిన్న చెయ్యి పడితే పీట మైల పడుతుందట. సముద్రపు ఒడ్డునున్న మాల్వణ్ నుంచి కోడలిగా వచ్చిన రోజునే అత్తగారు ఆ గది గడప చూపించి చెప్పారు, ఇక్కడిదాకా నీది, అక్కణ్ణుంచి నాది అని.

దానికి సబ్బు పెట్టకూడదు, సబ్బులో ఏ కొవ్వు కలుపుతారో తెలీదు. పీచుతో తోమకూడదు, ఆ పీచు ఉల్లిపాయ గిన్నెలన్నీ తోమింది. పూర్వం పొయ్యిలోని బూడిద వేసి కొబ్బరి పీచుతో రుద్దేవారట. గ్యాస్ వచ్చాక పొయ్యి పోయింది, పొయ్యితో బూడిద పోయింది. నియమం మాత్రం పోలేదు. ఇప్పుడు రాగిబిందెలో నీళ్ళు ముంచి పైన పోస్తారు, రెండుసార్లు విదిలిస్తారు, పట్టుగుడ్డ కింద పెట్టేస్తారు. విదిలించినప్పుడు రాలిన చుక్కలు గడప దాటి కుంద పాదాల మీద పడేవి. ఆ పీట వెనకవైపు ఎలా ఉంటుందో మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

*

మర్నాడు డాబా మీద ఆలుగడ్డల పని.

మహారాష్ట్రలో కృష్ణ ఒడ్డునున్న వాయి ఊళ్ళో ఎండలు ముదిరాయంటే ఏ మేడ మీద చూసినా గుడ్డలు పరిచి ఉంటాయి. ఏడాదికి సరిపడా ఉపవాసాలకి ఆలుగడ్డని సగం ఉడకబెట్టి, తురిమి, ఆ తురుము దారాల్ని ఎండబెట్టి డబ్బాల్లో పోసుకోవాలి. ఏకాదశి నాడు వేయించి, పల్లీలు, ఉప్పు, చక్కెర చల్లుకుని తింటారు. నాలుగు కాపురాలుండే ఆ పాత వాడా ఇంట్లో ఆడవాళ్ళందరికీ డాబా ఒక్కటే. ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుంటారు, ఎవరి గుడ్డ మీద వాళ్ళు తురుముకుంటారు.

కుంద కింద వంటింట్లో ఆలుగడ్డలు ఉడకబెట్టి, గంప ఎత్తుకుని మెట్లెక్కి ఆఖరి మెట్టు మీద దింపాలి. అక్కణ్ణుంచి అత్తగారు తీసుకుంటారు. తర్వాత పిట్టగోడ పక్కన నీడలో నిలబడి, పొడుగాటి వెదురుకర్రతో కాకుల్ని తోలాలి. కర్రకి మైల అంటదు.

"వత్సలా, ఇదేమిటే, తురుమా, చిట్టా?" అంది గోదాకాకూ. పక్క వాటా ఆవిడ. ముక్కుపొడి వేలికద్దుకుని పళ్ళకి రుద్దుకుంటోంది. అదే వేలు చీరకి తుడుచుకుని మళ్ళీ ఆలుగడ్డ అందుకుంది. "నాది చూడు, సేమ్యా దారంలా ఎలా దిగుతోందో."

వత్సలాబాయి గుడ్డ మీద దారాలు లేవు. పొట్టిపొట్టిగా, ముద్దముద్దగా రాలుతోంది. ఆవిడ మోకాలు వేసి, ఒంటి బరువంతా పెట్టి నొక్కుతున్నారు. జబ్బలు ఊగుతున్నాయి. "గడ్డల్లో పస లేదు. బజార్లో మోసం చేశాడు."

"గడ్డలు ఎవరు ఉడకబెట్టారు?" అంది గోదాకాకూ, కుంద వంక కంటికొసతో చూసి. "సముద్రపు చేతికి చేప ఉడకడం తెలుసుగానీ గడ్డ ఉడకడం ఎక్కడ తెలుస్తుంది!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కుంద కర్ర ఎత్తి లేని కాకిని అదిలించింది.

అప్పుడు చూసింది. గోదాకాకూ అలిసిపోయి పీటని ఎండకి ఎత్తి విదిలించింది. గుడ్డ మీద పీట నీడ పడింది. నీడ నిండా వెలుగు చుక్కలు, చల్లిన నువ్వుల్లా. ఒక అంచున కొన్ని మాత్రం మూసుకుపోయి ఉన్నాయి. పక్కనున్న ఇంకో ఆవిడ పీట నీడా అంతే, చుక్కలు చుక్కలుగా ఉంది. వత్సలాబాయి కూడా తన పీటని పైకెత్తి చట్రం మీద అరచేత్తో తట్టారు. ఆ నీడలో చుక్కలు లేవు. నడుమ ఎక్కడో చిల్లర మల్లరగా నాలుగు, మిగతాదంతా చెక్కముక్క నీడలా నల్లగా. వందల బెజ్జాలున్న రేకు, వెలుతురు దూరడానికి సందు లేదు.

కుంద కర్ర దించేసింది. నిన్న పొద్దున ఓవి గడ్డం మీంచి తీసి మళ్ళీ నోట్లో పెట్టిన తురుము ఆ మూసుకుపోయిన బెజ్జాల్లోంచి వచ్చిందే.

ఒక కాకి దిగి ఆలుగడ్డ ముక్క ఎత్తుకుపోయింది.

"ఏయ్, నిద్రపోతున్నావా నిలబడి?" అన్నారు అత్తగారు.

*

సాయంత్రం కుంద మొగుడు శ్రీరంగ్ బస్సు డిపో నుంచి వచ్చేసరికి ఓవి కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. అతను కండక్టరు సంచీ మేకుకి తగిలించి, జేబులోంచి నీళ్ళలో కలిపి పట్టే ఉప్పూ చక్కెరా పొడి పొట్లం తీసి ఇచ్చాడు. కుంద చెంచాతో పట్టిస్తూంటే వత్సలాబాయి గోడకి ఆనుకుని కూచుని వత్తులు చేసుకుంటున్నారు.

"నేను ఆలోచించాను," అన్నారు. "దోషం పాలలోనే ఉంది. ఎన్ని తరాల నుంచి చేప తిన్న ఒళ్ళో! ఆ పాలు కడుపులో పడుతున్నంత కాలం నేను ఎంత మడిగా పెట్టినా ఏం లాభం? ఏకాదశి నాడు నీ రొమ్ముకి వేపాకు నూరి రాస్తాను. రెండు రోజులు ఏడుస్తుంది, తర్వాత మరిచిపోతుంది. ఆ రోజునుంచి నా దగ్గరే పడుకుంటుంది, నా చేత్తోనే తింటుంది."

కుంద చెంచా గిన్నెలో పెట్టేసింది. "కడుపు జారుతున్నప్పుడు పాలు మాన్పించకూడదు ఆయీ. మా అమ్మ..."

"మీ అమ్మ సంగతి నాకు చెప్పకు."

కుంద మొగుడి వంక చూసింది. అతను చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు, అదేదో చాలా జాగ్రత్తగా చెయ్యాల్సిన పనిలాగా. తర్వాత బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూంటే కుంద చెంబుతో నీళ్ళు పోస్తూ గొంతు తగ్గించి అంది. "ఏమండీ, ఒక్కసారి ఆ మడి తురుముపీటని తిప్పి చూడండి. వెనక ఏముందో."

"నేనా? మడిబట్ట లేకుండా నేను కూడా దాన్ని ముట్టుకోను."

"అయితే మడిబట్ట కట్టుకునే చూడండి."

"చూసి?" అన్నాడు. "చూసి అమ్మతో ఏమనను? నీ పీట కంపు కొడుతోందనా? నలభై ఏళ్ళుగా దాంతోనే నైవేద్యం పెడుతోంది. దేవుడే ఏమీ అనలేదు." తన మాటకి తనే కొంచెం నవ్వాడు. కుంద నవ్వకపోయేసరికి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

*

గాజులకని దాచుకున్న డబ్బు కొంగున ముడేసుకుని మర్నాడు కుంద సంతకి వెళ్ళింది. గోనెపట్టా మీద గరిటెలు, జల్లెళ్ళు, పీటలు పరుచుకుని ఒక ముసలావిడ కూచుని ఉంది. కుంద చతికిలబడి ఒక్కొక్కటే తీసి ఆకాశానికి ఎత్తి చూసింది. తిరగేసి చూసింది. అంచు వెంట బొటనవేలు పోనిచ్చింది.

"పెళ్ళికూతుర్ని చూడ్డానికొచ్చావా తాయీ?" అంది ముసలావిడ. "పళ్ళు చూస్తున్నావు, వీపు చూస్తున్నావు. నడిపించి కూడా చూస్తావా?"

"పసిపిల్లకి పండు తురమాలి అవ్వా. ఇరుక్కోకూడదు. కడిగితే పోవాలి."

"అయితే ఆ నాలుగు పలకల డబ్బా ముట్టుకోకు. చూడ్డానికి బాగుంటుంది, లోపలికి చెయ్యి దూరదు. లోపలేం పెరుగుతుందో దానికే తెలియాలి." ముసలావిడ రంగుపిడి ఉన్నదాన్ని పక్కకి తోసింది. "ఇదీ వద్దు. పిడికీ రేకుకీ మధ్య సందుంది. సందున్నచోట రసం పోతుంది, రసం వెనకాల చీమ పోతుంది."

కుంద ఒకటి తీసింది. అంచులు మడవని ఒంటి రేకు, చట్రం లేదు, మేకు లేదు. బెజ్జాలన్నీ ఒకవైపు నుంచే కొట్టి ఉన్నాయి. పళ్ళ మీదుగా వేలు ఆనించీ ఆనించనట్టు నడిపిస్తే పిల్లి నాలికలా గరగరమంది. వెనక తడిమితే నున్నగా ఉంది. పక్కనే జాజికాయకీ, నిమ్మతొక్కకీ వాడే బొటనవేలంత బుల్లి పీట ఉంది. దాని పళ్ళు మరీ సన్నం, పిల్ల పండుకి సరిగ్గా సరిపోయేలా ఉంది. కానీ అంత సన్నటి బెజ్జాల్లో గుజ్జు ఎండితే సూది కూడా దూరదు. దాన్ని పెట్టేసి ఒంటి రేకుదే కొనుక్కుంది. దారంతా దాన్ని రొమ్ముకి అదుముకుని నడిచింది.

వత్సలాబాయి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగుంది. పదును బాగుంది."

"ఓవి కోసం ఆయీ. విడిగా పెట్టేస్తాను. ఉల్లిపాయ తగలనివ్వను, ఒట్టు."

"అమ్మేదాని చెయ్యి ఎన్నింటిని ముట్టుకుందో!" అన్నారు అత్తగారు. కోపంగా కూడా కాదు. వంటింటి గూట్లోంచి ఒక వెల్లుల్లి రెబ్బ తీసి, కొత్త పీట మీద పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కసారి రుద్దారు. ఘాటు గుప్పుమంది. "వెల్లుల్లికి బాగా పనికొస్తుంది. పాతది మొండిబారిపోయింది." రేకుని కుంద చేతిలో పెట్టి, గడప దాటి లోపలికి వెళ్ళిపోయారు.

కుంద దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది. పళ్ళ మధ్య వెల్లుల్లి గుజ్జు తెల్లగా చెమ్మ పట్టి మెరుస్తోంది. ఇంక ఇది పిల్లది కాదు. అవ్వడానికి వీల్లేదు. ఒక్క రుద్దుతో అయిపోయింది.

*

ఆ మధ్యాహ్నం గుళ్ళో హరికథ ఉంది. వత్సలాబాయి, గోదాకాకూ గొడుగులు వేసుకుని వెళ్ళారు. ఓవి ఉయ్యాల్లో నిద్రపోతోంది. కుంద దేవుడి గది గడప దగ్గరికి వెళ్ళి ఆగింది. మెళ్ళో నల్లపూసలకి తగిలించుకున్న పిన్నీసు వేళ్ళతో తిప్పుతూ కొంతసేపు నిలబడింది. కాళ్ళు కడుక్కుని వచ్చింది. మళ్ళీ ఆగింది. ఉయ్యాల్లో పిల్ల నిద్రలోనే కడుపు ముడుచుకుని మూలిగింది. కుంద గడప దాటింది.

పట్టుగుడ్డ తీసింది. పీటని ఎండున్న చోటికి తెచ్చి బోర్లించింది.

మొదట అర్థం కాలేదు. చెక్కకే రంగు వేశారనుకుంది. తర్వాత తెలిసింది, అది రంగు కాదు. రేకు వెనకంతా గోధుమరంగు బంక ఒక పొరలా గట్టిపడి ఉంది. కొబ్బరి, బెల్లం, ఆలుగడ్డ పిండి, ఆపిలు, ఒకదాని మీద ఒకటి ఎండి, తడిసి, మళ్ళీ ఎండి. దానిమీద బూడిదరంగు నూగు. చట్రానికీ రేకుకీ మధ్య మడతలో పిన్నీసు మొన పెట్టి లాగితే ఆ బంక తాడులా సాగుతూ బయటికి వచ్చింది. ఆ వాసన ఇంక ముక్కుపుటాల్లో దాక్కోలేదు. మొహం మీద కొట్టినట్టు లేచింది. కుంద తల పక్కకి తిప్పి గట్టిగా ఊపిరి బిగబట్టింది. ఇంకోవైపు మడత లాగింది. బొద్దింక కాలు ఒకటి వచ్చింది, రంపపు పళ్ళున్న వెనక్కాలు. దాని వెనక బఠాణీ గింజంత గోధుమరంగు గుడ్ల సంచీ. అది పగిలి ఉంది. ఖాళీగా ఉంది.

బావి గట్టు పట్టుకుని కక్కుకుంది. పొద్దున తిన్న రొట్టె అంతా పోయింది. నా పిల్ల నోట్లో, అనుకుంది. నా చేత్తోనే. గడ్డం మీంచి తీసి మరీ.

మాల్వణ్‌లో వాళ్ళమ్మ కొబ్బరి కోరుకునే పీటని రోజూ ఇసక వేసి పీచుతో తోమేది. చేపల వాసన వస్తుందని తోమేది. వాసన వచ్చే ఇల్లు కాబట్టి కడుక్కునేవాళ్ళు. ఇక్కడ వాసన రాదని ముందే నమ్మేశారు, అందుకని కడగరు.

నోరు పుక్కిలించి వచ్చి నీళ్ళు కాచింది. తొట్టెలో పోసి తినేసోడా గుప్పెడు వేసి పీటని ముంచింది. పొర మెత్తబడి ఉబ్బింది, బొబ్బ ఎక్కినట్టు. వాడని కొత్త పళ్ళ బ్రష్షు విప్పి, వెనకనుంచి ముందుకి, బెజ్జం కొట్టిన వైపుగానే రుద్దింది. ఎదురు రుద్దితే బ్రష్షు వెంట్రుకలు పళ్ళకి తెగి ఇంకా ఇరుక్కుంటాయి. వదలని బెజ్జాలని పిన్నీసుతో ఒక్కొక్కటే పొడిచింది. నీళ్ళు టీ రంగుకి తిరిగాయి, పారబోసింది. మళ్ళీ కాచిన నీళ్ళు, మళ్ళీ సోడా. అవీ తిరిగాయి. మూడోసారి నీళ్ళు నీళ్ళలాగే మిగిలాయి. చింతపండు పెడితే ఇత్తడి తళతళలాడిపోతుంది, అందుకని పెట్టలేదు. పైవైపు రేకు మీది పాత మకిలి రంగుని అలాగే ఉంచేసింది, చూడగానే పట్టుబడకుండా. బెజ్జాలు, వెనక, మడత మాత్రం. ఎండలో బోర్లించి పూర్తిగా ఆరనిచ్చింది. పిన్నీసుని నీళ్ళలో మరగబెట్టి మళ్ళీ నల్లపూసలకి తగిలించుకుంది.

హరికథ అయి అత్తగారు వచ్చేసరికి పీట పట్టుగుడ్డ కింద ఉంది. కుంద చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. ఎన్నిసార్లు తోమినా గోళ్ళలోంచి ఆ వాసన వస్తున్నట్టే ఉంది. ఆ సాయంత్రం అన్నం కలుపుకోలేకపోయింది.

మర్నాటి ఆపిల్ తురుముకి ఆపిల్ వాసనే వచ్చింది. ఓవి మొహం ముడుచుకోలేదు. సాయంత్రానికి గుడ్డలు తక్కువ మారాయి.

"చూశావా," అన్నారు వత్సలాబాయి కొడుకుతో. "పాలు మాన్పిస్తానని దేవుడికి మొక్కుకున్నాను. ఇంకా మాన్పించనైనా లేదు, అప్పుడే గుణం కనిపిస్తోంది." వేపరొట్ట కోయించి వంటింటి మూల పెట్టించారు.

కుందకి నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ముట్టుకున్నానని ఒప్పుకున్నట్టు. గంగాజలం, గోమూత్రం, శుద్ధి, ఆ రాద్ధాంతంలో బొద్దింక కాలు ఎవరికీ కనబడదు. చెప్పకపోతే ఏకాదశి నాడు వేపాకు. మింగేసింది. మింగింది కడుపులో బంకలా అంటుకుంది.

*

ఏకాదశి ముందు రోజు, రెండో విడత ఆలుగడ్డలు. డాబా మీద మళ్ళీ గుడ్డలు పరిచారు. కుంద ఆఖరి మెట్టు మీద గంప దింపి, కర్ర తీసుకుని పిట్టగోడ దగ్గర నిలబడింది.

"ఇవాళైనా దారాలొస్తాయా, లేక ఇవాళా చిట్టేనా?" అంది గోదాకాకూ.

వత్సలాబాయి పెద్ద గడ్డ ఒకటి తీసుకుని, మోకాలు వేసి, అలవాటు ప్రకారం ఒంటి బరువంతా పెట్టి ఒక్క తోపు తోశారు.

గడ్డ ఆగలేదు. వెన్నలో కత్తిలా జారిపోయింది. ఆవిడ చెయ్యి దాని వెనకే పళ్ళమీదికి పోయింది. "అమ్మా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. రెండు వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయింది. ఎర్రటి చుక్కలు తెల్లటి తురుము మీద టపటపా పడ్డాయి.

"నెత్తురు!" అంది గోదాకాకూ. "ఆ కుప్ప పోయింది, ఉపవాసానికి పనికిరాదు ఇంక. ఏమైందే నీ పీటకి? ఎన్నడూ లేనిది కరిచింది?"

వత్సలాబాయి వేళ్ళు నోట్లో పెట్టుకోలేదు. గుడ్డ మీద చూస్తున్నారు. ఒకే ఒక్క తోపుకి దిగిన తురుము, జానెడు పొడుగు దారాలు, ఒకదాన్నొకటి అంటుకోకుండా. తర్వాత పీటని ఎడమచేత్తో మెల్లగా ఎత్తారు. నీడ పడింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెలుగు చుక్కలు. పీట తిప్పితే చుక్కలు ఆవిడ తెల్లచీర మీదికి పాకాయి. ఆవిడ పీట బోర్లించి చూశారు. మడతలో గోరు పెట్టి చూశారు. గోరు వాసన చూసుకున్నారు.

అప్పుడు తలెత్తి కుంద వంక చూశారు. కుంద చూపు దించుకోలేదు. చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"ఎవరో ముట్టుకున్నారే దాన్ని," అంది గోదాకాకూ, ముందుకి వంగి. "నేను చెబుతున్నాగా. ఎవరో ముట్టుకున్నారు."

"ఎవరు ముట్టుకుంటారు?" అన్నారు వత్సలాబాయి. రెప్ప వెయ్యలేదు. "నేనే కడిగాను."

"నువ్వా? ఎప్పుడు? దేంతో?"

"నా ఇంటి పీట నేను దేంతో కడుక్కుంటే నీకెందుకు?"

కుంద కర్రని గట్టిగా పట్టుకుంది. రక్షించారో, దోచుకున్నారో తెలియలేదు. ఆ తాడులా సాగిన బంక, ఆ కాలు, ఆ ఖాళీ సంచీ, బావి గట్టు మీద కక్కుకున్న రొట్టె, అన్నీ ఒక్క మాటలో ఆవిడ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. అసహ్యం మళ్ళీ గొంతుదాకా వచ్చింది. ఈసారి దానికి వాసన లేదు.

వత్సలాబాయి కొంగు చింపి వేళ్ళకి చుట్టుకున్నారు. "నెత్తురు కారే చేత్తో ఉపవాసపు సరుకు ముట్టకూడదు. గడ్డలు చల్లారిపోతున్నాయి. కుందా, కర్ర అక్కడ పెట్టి రా."

డాబా మీద పీటల చప్పుడు ఆగింది.

"ఆవిడా?" అంది గోదాకాకూ. "వత్సలా, చేపల చెయ్యి..."

"డాబా ఎక్కింది ఆలుగడ్డలు ఎండబెట్టుకోడానికా, నీ మాటలు ఎండబెట్టుకోడానికా గోదా?"

అంతలో కింద ఉయ్యాల్లోంచి ఓవి ఏడుపు వినిపించింది. నిన్నటిదాకా వినిపించిన మూలుగు కాదు, గొంతు చించుకుని ఏడ్చే ఆకలి ఏడుపు. కుంద అటు చూసింది, ఇటు చూసింది.

"ముందు వెళ్ళి పాలిచ్చి రా," అన్నారు వత్సలాబాయి. కట్టు ముడి మీద చూపు నిలిపి, ఇంకెవరితోనో అన్నట్టు అన్నారు. "వచ్చేటప్పుడు మూలనున్న ఆ వేపరొట్ట తీసుకురా. ఎండబెట్టి డబ్బాల అడుగున వేద్దాం. పురుగు పట్టకుండా."

కుంద మెట్లు దిగింది. వంటింటి గోడకి ఆనుకుని కూచుని పిల్లని రొమ్ముకి పెట్టుకుంది. ఓవి రెండు చేతులతో పట్టుకుని గుటకలు వేస్తూ తాగింది. కుంద పిల్ల గుటకలు వింటూ కూచుంది. ఎవరో పిలుస్తారని తొందరపడలేదు.

తర్వాత చేతులు సబ్బు పెట్టి మోచేతులదాకా తోముకుంది. వేపరొట్ట చంకన పెట్టుకుని పైకి వచ్చింది. పీట మీది నెత్తురు కడిగేశారు. నెత్తురు పడ్డ తురుముని పక్కకి లాగేశారు, కాకులు దాని చుట్టూ మూగాయి. ఈసారి వాటిని ఎవరూ తోలడం లేదు. వత్సలాబాయి జరిగి చోటిచ్చారు.

కుంద కూచుని, గడ్డ అందుకోబోయేముందు పీటని రెండు చేతులతో ఎండకి ఎత్తింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది, అంచు వెంట బొటనవేలు పోనిచ్చింది. ఎదురుగా కూచున్న ఆవిడ తన పీటని కూడా ఎత్తి చూసుకుంది. ఆవిడ పక్కావిడ కూడా. గుడ్డల మీద నీడలు కదిలాయి. కొన్ని చుక్కలు చుక్కలుగా, కొన్ని మచ్చలు మచ్చలుగా. "ఛీ," అని ఎవరో మెల్లగా అన్నారు.

గోదాకాకూ మాత్రం పీటని ఎత్తలేదు. చడీచప్పుడు లేకుండా దాన్ని ఒళ్ళోకి లాక్కుని, కుచ్చిళ్ళ కిందికి తోస్తోంది.

కుంద మెళ్ళోని నల్లపూసలు తడిమి, పిన్నీసు ఊడదీసింది. గోదాకాకూ వైపు చెయ్యి చాపింది.

"మీది కూడా ఇలా ఇవ్వండి కాకూ," అంది. "ఆయీది శుభ్రం చేసింది దీంతోనే."